ఇంటిపేరు లేని వంశవృక్షం: మారిషస్ తెలుగు కుటుంబాల మూలాన్వేషణలో జనగణన, జనన మరణ నమోదుల పాత్ర

వ్యాససంగ్రహం

పందొమ్మిదో శతాబ్దిలో ఒప్పంద కూలీలుగా మారిషస్ వెళ్లిన తెలుగు కుటుంబాల మూలాలను ఏ పత్రాల ఆధారంగా, ఎంతవరకు నిర్ధారించగలమన్నది ఈ వ్యాసంలో పరిశీలించిన అంశం. జనగణన ఈ పనికి అంతగా అక్కరకు రాదని, జనన వివాహ మరణ నమోదులను వలస రిజిస్టర్లతో కలిపి చదివినప్పుడే ఒక కుటుంబ చరిత్ర వెలికి వస్తుందని, ఆ పఠనానికి తెలుగు నామవిజ్ఞానం తప్పనిసరి సాధనమని ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలకపదాలు: ఒప్పంద కూలీ వ్యవస్థ, మారిషస్, వలస సంఖ్య, ఇంటిపేరు, జనగణన, పౌర నమోదు, నామవిజ్ఞానం, ఉత్తరాంధ్ర

1. ఉపోద్ఘాతం

నేను పనిచేస్తున్న ఉత్తరాంధ్ర కళాశాలకు కొంతకాలం క్రితం మారిషస్ నుంచి ఒక దంపతులు వచ్చారు. ఆయన విశ్రాంత ఉపాధ్యాయుడు. తెలుగు చదవగలరు, మాట్లాడటానికి తడబడతారు. చేతిలో ఒక ధ్రువపత్రం నకలు ఉంది. తన ముత్తాత తండ్రి 1860 దశకంలో మద్రాసు రేవు నుంచి ఓడలో పోర్ట్ లూయీ చేరినట్లు అందులో నమోదై ఉంది. సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు ఉన్నాయి. జిల్లా అన్న గడిలో 'గంజాం' అని, ఊరు అన్న గడిలో 'వల్సా' అని ఐదు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి.

ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు. మా ఊరు ఏది? మా ఇంటిపేరు ఏమిటి? కూతురి పెళ్లిలో పురోహితుడు గోత్రం అడిగితే, తెలియనివారికి చెప్పే ఆచారం ప్రకారం కాశ్యప గోత్రమని చెప్పారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతులో ఫిర్యాదు లేదు, కొంచెం సిగ్గు ఉంది. సిగ్గుపడవలసిన కారణం ఆయనకు ఏమీ లేదని చెప్పాను. అయితే అలా చెప్పడం సులభం, పత్రాలతో చూపడం కష్టం. ఆ కుటుంబం పేరు, ఆ సంఖ్య గోప్యత దృష్ట్యా ఇక్కడ ఇవ్వడం లేదు. వారి ప్రశ్నలు నన్ను ఏ పత్రాల దగ్గరకు తీసుకుపోయాయో, ఏ పత్రాలు నోరు మెదపలేదో చెప్పడమే ఈ వ్యాసం పరిధి.

ఈ అన్వేషణ కేవలం మనస్తృప్తికి సంబంధించింది కాదు. 2024 మార్చిలో మారిషస్ పర్యటన సందర్భంగా భారత రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, భారత సంతతికి చెందిన మారిషస్ పౌరులకు ఏడో తరం వరకు విదేశీ భారతీయ పౌరసత్వ కార్డుకు అర్హత కల్పిస్తున్నట్లు ప్రకటించారు. ఏడో తరం అంటే తాత ముత్తాతలను దాటి, ఓడ దిగిన మనిషి దగ్గరకు చేరడమే. ఒకప్పుడు కుటుంబ జ్ఞాపకంగా ఉన్న విషయం ఇప్పుడు రుజువు చూపవలసిన విషయమైంది.

2. జనగణన: జనం ఉంటారు, మనిషి ఉండడు

వంశచరిత్ర రచనకు అమెరికాలో, ఇంగ్లండులో వెలువడిన మార్గదర్శక గ్రంథాలు దాదాపు అన్నీ జనగణనతో మొదలుపెట్టమంటాయి. వారికది సాధ్యమే. అమెరికా జాతీయ జనగణనలో ఇంటింటి పత్రాలు డెబ్భై రెండేళ్ల తర్వాత ప్రజలకు అందుబాటులోకి వస్తాయి. 1950 నాటి పత్రాలు 2022 ఏప్రిల్‌లో వెలువడ్డాయి. ఇంగ్లండులో గడువు నూరేళ్లు. 1921 పత్రాలు 2022 జనవరిలో వచ్చాయి. ఐర్లండు నుంచి న్యూయార్క్ చేరిన ఒక కుటుంబాన్ని పదేళ్లకొకసారి ఒకే వీధిలోనో, పక్క వీధిలోనో పలకరిస్తూ వెనక్కి నడవవచ్చు. ఎవరు ఎక్కడ పుట్టారో, ఏ ఏడు వచ్చారో ఆ పత్రాలే చెబుతాయి.

ఈ పద్ధతిని మన విషయానికి యథాతథంగా అన్వయించబోయి నేను కొన్ని వారాలు వృథా చేసుకున్నాను. మద్రాసు రాజధానిలో 1871లో జరిగిన జనగణనకు కార్నిష్ రాసిన నివేదిక ఉంది. 1881 నుంచి దేశమంతటా ఒకేసారి లెక్కలు తీశారు. కులాలు, వృత్తులు, భాషలు, తాలూకాల వారీ పట్టికలు ఎంతో విస్తారంగా ఉన్నాయి. కాని ఏ ఇంట్లో ఎవరున్నారో రాసుకున్న మూల పత్రాలను పట్టికలు తయారయ్యాక భద్రపరచలేదు. స్వతంత్ర భారతంలోనైతే 1948 నాటి జనగణన చట్టంలోని 15వ సెక్షను ప్రకారం ఆ పత్రాలు తనిఖీకి లభించవు, సాక్ష్యంగా చెల్లవు. పైగా 1860 దశకంలో ఓడ ఎక్కినవాడు 1871 జనగణనకు ముందే ఊరు విడిచాడు. మన లెక్కల్లో అతడు లేడు.

మారిషస్ వైపు చూస్తే 1846 నుంచి జనగణనలు జరిగాయి. 1861 నాటికే సుమారు మూడు లక్షల పదివేల జనాభాలో సుమారు లక్షా తొంభై వేల మంది భారతీయులు. ఆ నివేదికలు స్త్రీ పురుషుల నిష్పత్తి, తోటల వారీ జనసంఖ్య వంటి నేపథ్యాన్ని ఇస్తాయి. ఒక కుటుంబం నివసించిన ప్రాంతంలో ఆడవారు ఎంత తక్కువగా ఉన్నారో తెలిస్తే ఒక వివాహ పత్రాన్ని చదివే తీరే మారుతుంది. అంతవరకే వాటి ప్రయోజనం.

ఇక్కడ ఒక చిన్న విషయాంతరం. మారిషస్‌లో సముదాయాన్ని అడిగిన చివరి జనగణన 1972 నాటిది. ఆ తర్వాత ఆ ప్రశ్నను తొలగించారు. అయినా మతాల పట్టికల్లో హిందూ, తమిళ, మరాఠీ వంటి శీర్షికల సరసన 'తెలుగు' కూడా ఒక శీర్షికగా కనిపిస్తుంది. 2011 జనగణనలో పూర్వీకుల భాష ఏది, ఇంట్లో మాట్లాడే భాష ఏది అని వేర్వేరుగా అడిగారు. నోటి నుంచి జారిపోయిన భాష గుడిలో, పండుగలో నిలిచి మతం పేరుగా మారడం మన భాషా చరిత్రకారులు విడిగా పరిశీలించవలసిన అంశం.

3. సంఖ్యే చిరునామా

1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి ముప్పై ఆరుగురు కూలీలతో పోర్ట్ లూయీ చేరింది. అప్పటి నుంచి 1910 వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది ఆ ద్వీపంలో దిగారు. మధ్యలో 1839లో వలసను నిషేధించి, 1842లో నిబంధనలతో తిరిగి అనుమతించారు. కలకత్తా తర్వాత స్థానం మద్రాసు రేవుదే. దిగిన ప్రతి ఒక్కరికీ ఒక సంఖ్య ఇచ్చారు. ఆ రిజిస్టర్లు నేడు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. వారు మెట్లెక్కిన చోటు, ఆప్రవాసీ ఘాట్, 2006లో ప్రపంచ వారసత్వ ప్రదేశమైంది.

ఈ సంఖ్య అవమానకరమైనదే, సందేహం లేదు. మనిషిని అంకెగా మార్చిన వ్యవస్థ అది. 1867 చట్టం ఒప్పందం ముగిసిన పాత వలసదారులు కూడా ఫొటో అతికించిన టిక్కెట్టును వెంట ఉంచుకోవాలని నిర్బంధించింది. టిక్కెట్టు లేకుండా దొరికితే నిర్బంధం. 1871లో 9,401 మంది పాత వలసదారులు గవర్నరుకు విన్నపం చేసుకున్నారు. దానిపై నియమితమైన రాచ విచారణ సంఘం 1875లో నివేదిక ఇచ్చింది. చిత్రమేమంటే నిఘా కోసం పుట్టిన ఆ టిక్కెట్టే, ఆ ఫొటోయే ఇవాళ మునిమనవలకు పూర్వీకుడి ముఖం చూపుతున్నాయి. బర్మా వెళ్లిన మన కూలీలకు ఈ సౌకర్యం కూడా లేదు. 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం కాబట్టి మేస్త్రీల చేతుల మీదుగా సాగిన ఆ వలసలో ఇటువంటి సంఖ్యలు, రిజిస్టర్లు ఏర్పడలేదు.

సంఖ్యను చేరే దారి వర్తమానం నుంచి వెనక్కి సాగుతుంది. మారిషస్‌లో బ్రిటిషు పాలన వచ్చినా ఫ్రెంచి పౌరస్మృతి కొనసాగింది. అందువల్ల పుట్టుక, పెళ్లి, చావు మూడూ పౌర నమోదు కచేరీలో నిర్దిష్టమైన నమూనాలో లిఖితమయ్యాయి. ఇవాళ్టి మనిషి జనన పత్రం తల్లిదండ్రుల పేర్లు ఇస్తుంది. వారి వివాహ పత్రం వారి తల్లిదండ్రుల పేర్లు ఇస్తుంది. మూడు నాలుగు మెట్లు దిగేసరికి భారతదేశంలో పుట్టిన తండ్రి ఎదురవుతాడు. అతడి పేరు పక్కన వలస సంఖ్య కనిపిస్తే పని సగం అయినట్టే. ఆ సంఖ్యతో ఓడ రిజిస్టరు తెరవవచ్చు.

నతాషా అప్పనా ఫ్రెంచిలో రాసే మారిషస్ రచయిత్రి. 2023లో వెలువడిన 'లా మెమ్వార్ దెలావే' అన్న పుస్తకంలో 1872లో ద్వీపం చేరిన తన తెలుగు పూర్వీకుల కథను రాశారు. ఆమెకూ ఆ కథ సంఖ్యల ద్వారానే తెరుచుకుంది. తండ్రికి, తల్లికి, కొడుక్కి వరుస సంఖ్యలు. ఒక కుటుంబం కలిసి ఓడ దిగిందనడానికి ఆ వరుసే సాక్ష్యం.

వయస్సుల విషయంలో మాత్రం ఏ పత్రాన్నీ నమ్మరాదు. మా కళాశాలకు వచ్చిన దంపతుల పత్రాల్లోనే ఓడ జాబితాలో ఇరవై రెండేళ్లున్న మనిషి, పదేళ్ల తర్వాతి వివాహ పత్రంలో ఇరవై ఎనిమిదేళ్లవాడు. మరణ పత్రంలో వయస్సు చెప్పింది అతడు కాదు, పక్కింటివారు. వయస్సు కలవలేదని మనిషి వేరని తేల్చడం తొందరపాటు. తండ్రి పేరు, తోట పేరు, సంఖ్య మూడూ కలిస్తే వయస్సును పక్కన పెట్టవచ్చు.

4. పేరు ఇంటిపేరైన తీరు

రిజిస్టరులో పేరుకొక గడి ఉంది, తండ్రి పేరుకొక గడి ఉంది. ఇంటిపేరుకు గడి లేదు. మన సమాజంలో మనిషి పేరుకు ముందుండి, వరస కలపడానికీ పెళ్లి సంబంధం చూడడానికీ ఆధారమైన ఇంటిపేరును అడగాలని ఆ నమూనా తయారుచేసినవారికి తోచలేదు. మద్రాసు కచేరీలో రాసుకున్న గుమాస్తా తమిళుడైతే అతడికీ ఆ అవసరం కనిపించి ఉండదు. తమిళ పేర్లకు ముందుండేది చాలావరకు తండ్రి పేరే కదా. పౌర నమోదు కచేరీ మాత్రం ఫ్రెంచి సంప్రదాయం ప్రకారం ప్రతి బిడ్డకూ ఒక ఇంటిపేరు కోరింది. ఫలితంగా తండ్రి వ్యక్తినామమే బిడ్డ ఇంటిపేరైంది. సూరయ్య కొడుకు ఇంటిపేరు సూరయ్య. అప్పన్న మనవలందరూ అప్పన్నలు. ఓడ దిగిన ఒక మనిషి పేరు ఆ క్షణంలో గడ్డకట్టి ఏడు తరాలకు నిలిచింది.

ఇది నష్టమే అయినా ఈ నష్టంలోనే ఒక సాక్ష్యం మిగిలింది. కులపతి నుంచి సంక్రమించే ఇంటిపేరు ఒక ఊరినో వృత్తినో తెలుపుతుంది. వ్యక్తినామం ఆ కుటుంబం కొలిచిన దేవతను తెలుపుతుంది. మన గ్రామాల్లో పేర్లు దేవతల వెంట నడుస్తాయి. అప్పన్న, అప్పడు, అప్పలస్వామి, అప్పలమ్మ అన్నవి సింహాచలం చుట్టూ అల్లుకున్న పేర్లు. పైడయ్య, పైడమ్మ, పైడిరాజు విజయనగరం పైడితల్లివి. నూకయ్య, నూకరాజు, నూకాలు అనకాపల్లి నూకాలమ్మవి. ఉత్తరాంధ్రలో సన్యాసి, సన్యాసమ్మ విరివిగా వినిపిస్తాయి. పెంచలయ్య అంటే నెల్లూరు వైపు పెంచలకోన. మాలకొండయ్య అంటే ప్రకాశం జిల్లా మాలకొండ. కోటయ్య అంటే కోటప్పకొండ. గంగమ్మ పేరు తిరుపతి, చిత్తూరు వైపు మరింత దట్టం. జిల్లా గడి ఖాళీగా ఉన్నప్పుడు, లేదా అక్కడ 'మద్రాసు' అని మాత్రమే ఉన్నప్పుడు, ఈ నామభూగోళమే మనకు దారిచూపు.

ఈ పద్ధతికి పరిమితి ఉంది. అప్పన్న పేరు గోదావరి జిల్లాల్లోనూ ఉంది. ఒక్క పేరును పట్టుకుని ఊరు తేల్చకూడదు. తండ్రి పేరు, భార్య పేరు, పెళ్లికి సాక్షులుగా నిలిచినవారి పేర్లు కలిపి చూడాలి. పైడయ్య కొడుకు అప్పన్న సన్యాసమ్మను పెళ్లాడితే, సాక్షి పేరు నూకయ్య అయితే, ఆ గుంపు ఏ వైపునుంచి వచ్చిందో ఊహించడానికి పెద్ద ధైర్యం అక్కరలేదు.

లిపి తెచ్చిన చిక్కులు వేరు. గుమాస్తా చెవిలో పడిన తెలుగు పేరు ఇంగ్లీషు అక్షరాల్లోకి, తర్వాత ఫ్రెంచి ఉచ్చారణ అలవాటున్న మరో గుమాస్తా కలంలోకి వెళ్లింది. హ్రస్వ దీర్ఘాలు పోయాయి, ద్విత్వాలు పోయాయి, ట-త భేదం పోయింది. నేటి మారిషస్‌లో 'గాడు' చివరగా ఉన్న ఇంటిపేర్లు కొన్ని ఉన్నాయి. ఎరిగాడు అన్నది అందులో ఒకటి. మూలంలో అది ఎర్రగా ఉన్నవాడని ముద్దుగా పిలిచిన ఎర్రిగాడా, లేక వెర్రిగాడా, లిపిని బట్టి తేల్చలేం. నేను మొదటిదే అనుకోవడానికి ఇష్టపడతాను. ఇష్టం సాక్ష్యం కాదని తెలుసు. అయితే 'గాడు' అన్న ప్రత్యయం స్పష్టంగా చెప్పే మాట ఒకటుంది. ఆ మనిషిని కచేరీలో నిలబెట్టి పేరు అడిగినప్పుడు, తన ఊరి పెద్దలు తనను ఎలా పిలిచేవారో అదే అతడు చెప్పాడు. లేదా అతడిని తెచ్చిన దళారి చెప్పాడు. ఊళ్లో చిన్నచూపు చూసే పిలుపు సముద్రం దాటాక న్యాయవాదులు, ఉద్యోగులు, ఉపాధ్యాయులు సగౌరవంగా సంతకం చేసే ఇంటిపేరైంది. దానిని సరిదిద్ది 'అయ్య' చేర్చాలని కొందరు వంశచరిత్రకారులు సూచించడం నాకు సమ్మతం కాదు. పరిశోధకుడు పేరును ఉన్నదున్నట్లు ఉంచాలి.

కులం గడి గురించి కూడా ఇంతే జాగ్రత్త అవసరం. చెప్పినవాడికి మార్చి చెప్పే అవకాశం ఉంది, రాసినవాడికి కుదించి రాసే అలవాటు ఉంది. తెలుగువారందరినీ 'జెంటూ' అనడం కుంఫిణీ నాటి ఇంగ్లీషు వాడుక. 1817లో విలియం బ్రౌన్ రాసిన తెలుగు వ్యాకరణం పేరులోనే ఆ మాట ఉంది. ఆ మాట తారసపడితే అది కులమని భ్రమించకూడదు. దక్షిణాఫ్రికాలో నాయుడు, రెడ్డి, చెట్టి వంటి బిరుదులే ఇంటిపేర్లుగా స్థిరపడ్డాయి. నాయుడు అన్నది ఎన్ని కులాలవారు వాడతారో తెలిసినవారెవరూ దానినుంచి ఒక కులాన్ని నిర్ధారించరు.

5. తల్లి పేరు

వలస చరిత్రల్లో స్త్రీల సాక్ష్యం ఎంత విలువైనదో మరీనా కార్టర్ 1994లో 'లక్ష్మీస్ లెగసీ' గ్రంథంలో చూపారు. వంశచరిత్రకు అది మరింత వర్తిస్తుంది. తాళి కట్టి, పెద్దల ఎదుట జరిగిన పెళ్లి కచేరీలో నమోదు కాకపోతే చట్టం దృష్టిలో పెళ్లి కాదు. మారిషస్‌లో మతాచార వివాహాలకు పౌరస్మృతి ఫలితాలు దక్కింది 1981 సవరణతోనే. అంతవరకు అటువంటి దంపతుల బిడ్డ పత్రంలో 'సహజ సంతానం'. తండ్రి కచేరీకి వచ్చి బిడ్డ తనదని ఒప్పుకుంటే సరి, లేకుంటే తల్లి పేరు కిందే నమోదు. దక్షిణాఫ్రికాలో 1913 మార్చిలో న్యాయమూర్తి సెర్ల్ ఇచ్చిన తీర్పు క్రైస్తవేతర ఆచారాల పెళ్లిళ్లను గుర్తించకపోవడం, దానితో స్త్రీలు సత్యాగ్రహంలో అడుగుపెట్టడం మనకు తెలిసిన చరిత్రే. అదే సమస్య మారిషస్ ఇళ్లలో ఏ ఉద్యమమూ లేకుండా నిశ్శబ్దంగా సాగింది.

నా దగ్గరకు వచ్చిన ఉపాధ్యాయుడి వంశంలోనూ అటువంటి పత్రం ఒకటి ఉంది. ఆయన తాత జనన పత్రంలో తండ్రి గడి ఖాళీ. కుటుంబంలో ఎవరూ ఆ మాట ఎత్తరట. తేదీలు చూస్తే సంగతి వేరు. ఆ తాత పుట్టిన నాలుగేళ్లకు అదే తల్లి, అదే తోటలోని మనిషితో కచేరీలో పెళ్లి నమోదు చేసుకుంది. ఆ పత్రం కింద అంతకుముందు పుట్టిన ఇద్దరు పిల్లలను తమ సంతానంగా అంగీకరించినట్లు రాసి ఉంది. అంటే వారు మొదటి నుంచీ భార్యాభర్తలు. తోట నుంచి కచేరీకి వెళ్లి రావడానికి ఒక రోజు కూలి పోతుంది. నాలుగేళ్లు ఆలస్యమైంది. ఒక్క జనన పత్రం చూసి ఆగిపోతే ఒక కుటుంబం మీద లేని మచ్చ మూడు తరాలు ఉంటుంది. నమోదు పత్రాన్ని ఒంటరిగా చదవకూడదనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. ఆయన ఆ నకలును రెండుసార్లు చదువుకుని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

6. జిల్లా మారింది, ఊరు కదలలేదు

రిజిస్టరులోని 'గంజాం' చూసి చాలామంది ఒడిశాకు వెళతారు. బరంపురంలో విచారించి, ఏమీ తెలియక వెనుదిరుగుతారు. శ్రీకాకుళం తాలూకా, అప్పటి చికాకోల్, 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లాలోనే ఉంది. ఆ ఏడు పర్లాకిమిడి పట్టణం అటు వెళ్లింది. టెక్కలి, పాతపట్నం ఇటు మిగిలి విశాఖపట్నం జిల్లాలో చేరాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు పదమూడు నుంచి ఇరవై ఆరయ్యాయి. దక్షిణాన ఇదే కథ. రిజిస్టరులో 'ఉత్తర ఆర్కాటు' అని ఉంటే తమిళనాడుకు పరుగెత్తనక్కరలేదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు చిత్తూరు, చంద్రగిరి ఆ జిల్లాలోనివే. అందుచేత పరిశోధకుడు మొదట చూడవలసింది నేటి పటం కాదు, ఓడ బయలుదేరిన ఏటి పటం.

ఇక ఊరి పేరు 'వల్సా'. ఉత్తరాంధ్ర తెలిసినవారికి వెంటనే స్ఫురిస్తుంది. ఆమదాలవలస, కొత్తవలస వంటి ఊళ్లు ఈ ప్రాంతంలో ఎన్నో. వలస అంటే ఒకచోటి నుంచి వచ్చి కట్టుకున్న ఊరు. తమ ఊరిని గురించి అడిగితే మనవాళ్లు 'మా వలస' అని ముందు పదం వదిలి చెప్పడం ఇప్పటికీ వింటాం. గుమాస్తా విన్నది అదే. మారిషస్ వెళ్లినవాడి స్వగ్రామం పేరే వలస అన్నమాట. అతడి పూర్వీకులు అంతకుముందే ఎక్కడినుంచో కదిలి వచ్చారు. 'మూలం' అని మనం వెతికేది ఒక మజిలీ మాత్రమేనేమో.

ఊరిని ఖాయం చేసుకోవడానికి నాకు తోచిన ఉపాయం పక్క సంఖ్యలను చూడడం. ఒక ఊరివారు, పక్క ఊళ్లవారు గుంపుగా బయలుదేరడం, ఒకే మేస్త్రీ వెంట నడవడం, కచేరీలో వరుసగా నిలబడడం సహజం. అందుకని ఆ ఒక్క నమోదు కాక దానికి ముందూ వెనకా ఉన్న పదిమంది నమోదులు అడగమని ఆయనకు చెప్పాను. కొన్ని నెలలకు కొన్ని నకళ్లు వచ్చాయి. వాటిలో ముగ్గురికి తాలూకా గడిలో చికాకోల్ అని ఉంది. జిల్లా అంత పెద్ద వెతుకులాట తాలూకాకు కుదించుకుంది.

7. రెండు సూచికలు

ఊరు దొరికాక ఏం చేయాలి? ఇక్కడి జనన మరణ రిజిస్టర్లు తోడ్పడవు. మద్రాసు జనన మరణ నమోదు చట్టం 1899 నాటిది. అంతకుముందు పుట్టి వెళ్లిపోయినవాడి పుట్టుకను కరణం రాసి ఉండే అవకాశం చాలా తక్కువ. భూమి పత్రాలు ఉంటాయి కదా అనవచ్చు. రైత్వారీ ప్రాంతంలో 'డైగ్లాట్' అని పిలిచే సెటిల్మెంటు రిజిస్టర్లు ఉన్నాయి. కాని ఉత్తరాంధ్రలో అధిక భాగం జమీందారీ. ఆ లెక్కలు ఎస్టేటు కచేరీల్లోనే ఉండిపోయాయి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే ప్రభుత్వ సర్వే వచ్చింది. పైగా ఓడ ఎక్కిన వారిలో అధికులు భూమి లేనివారు. భూమి పత్రం భూమి ఉన్నవాడినే గుర్తుపెట్టుకుంటుంది.

మనకున్న మరో సంప్రదాయం మౌఖికం. రెడ్లు మొదలైన వారి ఇంటిపేర్లు, గోత్రాలు, వంశ ప్రశస్తి గానం చేసే పిచ్చుకుంట్లవారు, మాదిగల కులపురాణం చెప్పే డక్కలివారు, భట్రాజులు ఒకప్పుడు నడిచే వంశావళులు. వారి స్మృతిలో ఒక కుటుంబాన్ని పట్టుకునే కొక్కెం ఇంటిపేరు, గోత్రం. మారిషస్ రిజిస్టరులో అదే కుటుంబాన్ని పట్టుకునే కొక్కెం సంఖ్య, ఓడ. ఒకదానిలో ఉన్నది మరొకదానిలో లేదు. సముద్రానికి ఇవతల సంఖ్య చెబితే ఎవరికీ తెలియదు. అవతల ఇంటిపేరు చెబితే ఏ రిజిస్టరులోనూ దొరకదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి రెండే: తండ్రి పేరు, ఊరు. తండ్రి పేరు అప్పన్న అయితే ఒక ఊళ్లో నలుగురు అప్పన్నలుంటారు. మిగిలింది ఊరు. ఆ ఐదక్షరాల గడి అంత ముఖ్యమైనది కావడానికి కారణం ఇదే.

జానపద సాహిత్య పరిశోధకులు ఆశ్రిత కులాల కథనాలను సేకరించినప్పుడు కావ్యాంశాలకిచ్చిన శ్రద్ధ వాటిలోని ఇంటిపేర్ల జాబితాలకు ఇవ్వలేదన్నది నా ఫిర్యాదు. పాట మధ్యలో వచ్చే పేర్ల వరుసను 'ఇక్కడ ఇంటిపేర్లు చెబుతాడు' అని ఒక్క వాక్యంతో దాటవేసిన సేకరణలు నేను చూశాను. ఎవరైనా 'దేశాంతరం పోయినవాడు' అన్న మాట ఆ వరుసలో పలికి ఉంటే అది మనకు చేరలేదు.

గత సంక్రాంతికి ఆ దంపతులు మళ్లీ వచ్చారు. ఆ తాలూకాలో వలస అన్న పేరుతో ముగిసే ఊళ్ల జాబితా నా విద్యార్థులు ఇద్దరు తయారుచేసి ఇచ్చారు. రెండు ఊళ్లకు కలిసి వెళ్లాం. మొదటి ఊళ్లో ఎనభై దాటిన ఒక ముసలమ్మ, తన మామగారి చిన్నతాత 'మిరిచి దేశం' పోయి తిరిగి రాలేదని అత్త చెప్పేదని అంది. మిరిచి అంటే మారిషస్ అని మేము వెంటనే నిర్ధారించుకోలేదు. పాతరోజుల్లో ఇక్కడివారు ఆ ద్వీపాన్ని ఏమని పిలిచేవారో ముందు తేలాలి. ఆమె ఇంటిపేరు, మామగారి తండ్రి పేరు రాసుకున్నాం. ఆ పేరు రిజిస్టరులోని తండ్రి పేరుతో కలవలేదు. ఉపాధ్యాయుడు ఆమె ఇంటి ముందు అరుగు మీద కాసేపు కూర్చున్నారు. జాబితాలో ఇంకా పదకొండు ఊళ్లున్నాయి.